తూకానికి అందని కొవ్వు

బడిలో ఆరోగ్య పరీక్షలంటే పిల్లలు వరసలో నిలబడతారు. ఒకరు బరువు చూస్తారు, ఒకరు గోడకు ఆనించి ఎత్తు కొలుస్తారు, ఇంకొకరు రిజిస్టర్‌లో రాసుకుంటారు. ఆ రెండు అంకెల నుంచి వచ్చే బీఎంఐని వయసు పట్టికలో చూసి పిల్లాడు సన్నమో లావో తేల్చేస్తారు. మన పిల్లలకు ఈ లెక్క ఒక్కటే చాలదన్నది మా అభిప్రాయం.

పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువులను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి, 2003లో ఫలితాలు ప్రకటించింది. సగటు బరువు మనవాళ్లది 2.7 కిలోలు, అక్కడివాళ్లది 3.5 కిలోలు. కండ బాగా తక్కువ. చర్మం కింది కొవ్వును చెప్పే కొలత, అంటే వీపు మీద రెక్క ఎముక కింద చర్మపు మడత మందం మాత్రం అంతగా తగ్గలేదు. అంటే బక్కగా పుట్టిన బిడ్డ కూడా కొవ్వును దాచుకునే పుడుతోంది. మరుసటి ఏడాది ఆయన, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డ ఫొటో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు చూస్తే యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! ‘సన్నగానే ఉన్నాడుగా, ఏం పర్లేదు’ అని పిల్లల విషయంలో మనం ధీమాగా అనే మాట ఎంత ప్రమాదమో ఇక్కడే తెలుస్తోంది.

మరి దేంతో కొలవాలి? డెక్సా స్కాన్ కొవ్వును, కండను, ఎముకను విడదీసి చూపిస్తుంది. కానీ అది పెద్దాసుపత్రి పని, కొద్దిపాటి ఎక్స్‌రే కూడా తగులుతుంది. జిమ్ముల్లో కనిపించే బయో ఇంపెడెన్స్ మిషన్ ఒంట్లోని నీటిని బట్టి కొవ్వును అంచనా వేస్తుంది. ఎండలో ఆడి, దాహంతో వచ్చిన పిల్లాడికి ఒక అంకె, నీళ్లు తాగి స్థిమితపడ్డాక మరో అంకె చూపగలదు. దాన్ని నమ్మి పిల్లలకు డైట్ పెట్టొద్దని తల్లిదండ్రులను కోరుతున్నాం.

చర్మపు మడత మందాన్ని కొలిచే పరికరం క్యాలిపర్ చవకైనది. జబ్బ వెనక, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టి, కండను వదిలేసి చర్మాన్ని, దాని కింది కొవ్వును మాత్రమే వేళ్లతో పట్టి కొలవాలి. గుర్తు కాస్త జరిగినా, కండ కలిసిపోయినా లెక్క తప్పుతుంది. కాబట్టి ఇది శిక్షణ ఉన్న చేతులకే అప్పగించాల్సిన పని.

ఇక మిగిలింది టేపు. నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటకూడదన్నది బండగుర్తు. 140 సెంటీమీటర్ల పిల్లాడికి 70 దాటితే డాక్టరుకు చూపించాలి. కొవ్వు శాతం ఎంతో ఇది చెప్పదు, పొట్ట దగ్గర పేరుకుంటోందన్న హెచ్చరిక మాత్రం ఇస్తుంది. స్థూలకాయాన్ని బీఎంఐ ఒక్కదానితో నిర్ధారించవద్దని 2025 జనవరిలో లాన్సెట్ నిపుణుల కమిషన్ కూడా చెప్పింది. 2016-18 జాతీయ పోషకాహార సర్వేలో మన పిల్లలకు చర్మపు మడతలు, నడుము రెండూ కొలిచారు. దేశమంతా తిరిగి చేయగలిగిన పని బడిలో ఎందుకు చేయలేం?

రెండు తెలుగు రాష్ట్రాలూ పాఠశాల ఆరోగ్య కార్డులో నడుము కొలతకు ఒక గడి చేర్చాలి. ఆ కొలత తెర చాటున తీసుకోవాలి, ఆడపిల్లలకు మహిళా సిబ్బందే తీయాలి. వచ్చిన అంకెను తరగతిలో పైకి చదవకుండా కవరులో పెట్టి ఇంటికి పంపాలి.