ఐదు చుక్కలు, నాలుగు నిమ్మకాయలు, ఒక క్లిప్పు

బొటనవేలంత ఇనప ముక్క. ఒక కొసన నల్ల ప్లాస్టిక్కు, దాని మీద కారు కంపెనీ గుర్తులా కనిపిస్తూ అది కాని ఒక గుర్తు. అలాంటివి రెండు, ఒక పాలిథిన్ సంచీలో. యాక్సెసరీస్ కౌంటరు కుర్రాడు ఆ సంచీని మా అన్నయ్య దోసిట్లో తిరుపతి ప్రసాదంలా పెట్టాడు. "ఇది మా తరఫున ఫ్రీ సార్. సీటు బెల్టు దూర్చే చోట ఇది గుచ్చి వదిలేస్తే, బెల్టు పెట్టుకోకపోయినా కూత రాదు."

దేశంలో ఏ కారు గట్టిదో తేల్చుకోవడానికి మా అన్నయ్య ఇంట్లో నలభై రోజులు దీక్ష నడిచింది. మాలధారణ ఒక్కటే తక్కువ. ఆ పుణ్యమంతా ఆ పాలిథిన్ సంచీలోకి పోయింది. ఈ వ్యాసం ఆ సంచీ గురించి. సందర్భం వస్తే కారు గురించి కూడా రాస్తాను.

కారు మా అన్నయ్య కొడుక్కి. ఇరవై నాలుగేళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం, లైసెన్సు వచ్చి నాలుగు నెలలు. డ్రైవింగ్ స్కూలు బండికి పక్క సీటు కింద కూడా బ్రేకూ క్లచ్చూ ఉంటాయి కాబట్టి, నేర్చుకున్నన్నాళ్లూ నడిపింది వీడా పక్కనున్నాయనా అన్నది ఇప్పటికీ తేలలేదు. సెల్లార్ ర్యాంపు మీద ఆపి మళ్లీ ఎక్కించమంటే బండీ, వాడి మొహమూ రెండూ వెనక్కి జారతాయి. అయితే బుద్ధిమంతుడు. తనకేం కావాలో ఒక కాగితం మీద రాసుకున్నాడు. చిన్న బండి కావాలి. నాలుగు మూలలూ కనపడాలి. వాలు మీద జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉండాలి. రేపు సెల్లార్లో స్తంభానికి గీసుకున్నా గుండె ఆగిపోనంత ధర ఉండాలి. ఆరు లక్షలు.

రాసుకోవడమే వాడు చేసిన పొరపాటు. మన ఇళ్లలో కారు ఎంచడం నడిపేవాడి పని కాదు.

ఆదివారం సభ తీరింది. అధ్యక్షుడు మా అన్నయ్య, ఆయనకు సైకిలు తప్ప ఏదీ రాదు. మొదటి ప్రశ్న అందరికీ తెలిసిందే, "మైలేజ్ ఎంతిస్తుందంట?" రెండో ప్రశ్న, "అమ్మితే ఎంతొస్తుంది?" ఇంకా కొనని బండిని ఐదేళ్ల తర్వాత ఎవరికో అమ్మే బేరం ముప్పావుగంట నడిచింది. ఆ కొనబోయేవాడు ఎవరో ఏ ఊరివాడో మాకు తెలియదు గానీ, వాడికి తెలుపు రంగు ఇష్టమని మాత్రం మా అన్నయ్యకు రూఢిగా తెలుసు. అలా మావాడి నీలం రంగు పోయింది.

వదినకు పాతిక కిలోల బియ్యం బస్తా పడుకోబెట్టగలిగిన డిక్కీ కావాలి. పై ఫ్లాట్ అంకుల్ సీఎన్‌జీ తప్ప మాటే లేదన్నాడు. సీఎన్‌జీ సిలిండరు పెడితే బస్తా పట్టదని తెలిశాక వదిన ఆయనకు రెండో విడత కాఫీ ఇవ్వలేదు. మా అమ్మకు ఎక్కేటప్పుడు కాలు లేవకూడదు, కూర్చునేటప్పుడు మోకాలు వంగకూడదు. అంటే పల్లకీ. అన్నయ్య మనవరాలికి నాలుగేళ్లు, తల బయటపెట్టి నిలబడే కిటికీ పైన ఉండాలంది. నలభై రోజుల్లో ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం అదొక్కటే.

అప్పుడు డాలస్ నుంచి వీడియో కాల్‌లో మా మేనల్లుడు దిగాడు. "అవన్నీ కాదు మామయ్యా, చుక్కలు చూసుకోండి. స్టార్ రేటింగ్." ఎగతాళి చేద్దామనే ఉంది గానీ వాడన్నది నిజం. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు, అంటే కార్లను గుద్దించి చూసి ఐదుకు ఇన్ని అని చుక్కలు వేసే అంతర్జాతీయ సంస్థ వాళ్లు, మన మార్కెట్లో బాగా అమ్ముడుపోయే చిన్న కార్లు ఐదింటిని తీసుకెళ్లి గుద్దిస్తే, పెద్దవాళ్ల రక్షణలో ఐదింటికీ సున్నా చుక్కలే వచ్చాయి. ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలో. అందులో సగం మన బంధువుల ఇళ్లలో ఉన్నవే. 2018లో టాటా నెక్సాన్‌కి ఐదు వచ్చేదాకా దేశీ కారుకి ఐదు చుక్కలన్న మాటే లేదు. 2023 అక్టోబరు 1 నుంచి మనకే సొంతంగా అలాంటి పరీక్ష, భారత్ ఎన్‌క్యాప్, వచ్చింది. 2025లో ఆల్టో కే10కి కూడా ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చేశాయి. పదకొండేళ్లలో ఇది చిన్న సంగతి కాదు.

మా అన్నయ్య మాత్రం దీన్ని కుండల బేరంగా అర్థం చేసుకున్నాడు. ఏ షోరూముకు వెళ్లినా బానెట్ మీద వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి, "టంగుమంటోంది, పలచన" అనేవాడు. తలుపు వేసి ఆ చప్పుడుకు కళ్లు మూసుకుని తల ఊపేవాడు, తంబూరా శ్రుతి చూసుకుంటున్నట్టు. సేల్స్ పిల్లాణ్ని "ఎన్ని చుక్కలు బాబూ?" అని అడగడం, ఐదు అంటే "మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు" అనడం. ఆ రెండు వాక్యాలకూ లంకె ఏమిటో ఆ పిల్లాడు ఇప్పటికీ ఆలోచిస్తూ ఉండి ఉంటాడు.

ధర సంగతి త్వరగా చెప్పేస్తాను, తలుచుకుంటే కడుపు మండుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, పైన ఉండే సెస్సు కూడా పోయింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను అయితే చాలు. మిగిలిన డబ్బుని మిగలనివ్వడం మన వంశంలో లేదు కనుక ఆ మిగులుతో పై కిటికీ ఉన్న వేరియంట్‌కి ఎక్కాం. దాని మీద లైఫ్ ట్యాక్స్. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 నుంచి తప్పనిసరైన మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా. ఇక్కడిదాకా న్యాయమే. తర్వాత హ్యాండ్లింగ్ ఛార్జీలు. నేను కొనబోయే కారుని వాళ్ల గోడౌన్ నుంచి వాళ్ల షోరూముకు వాళ్లు తెచ్చుకున్నందుకు నేను ఇచ్చేది. టెఫ్లాన్ కోటింగ్. బేసిక్ కిట్, అంటే పట్టాలు, మడ్ ఫ్లాప్స్, నవ్వుతున్న ఒక చిన్న వినాయకుడు. మావాడి ఆరు లక్షలు తొమ్మిది దాటి ఈఎంఐలోకి దిగాయి. వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక డెలివరీ. ఇది మాత్రం నిదానంగా చెప్పాలి.

మంగళవారం కుదరదు. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం వస్తుంది కాబట్టి ఈలోపే తాళాలు చేతిలో పడాలి. నంబరు కూడితే తొమ్మిది రావాలి, దానికి విడిగా ఫీజు. షోరూములో కారు మీద ఎర్ర పట్టుగుడ్డ కప్పారు. ముందు మేం పదకొండు మందిమి, పెళ్లిలో తెరసెల్లా తీసే క్షణంలా ఊపిరి బిగబట్టాం. గుడ్డ లాగారు. వదిన కళ్లు తుడుచుకుంది. మూడడుగుల అట్టముక్క తాళంచెవి అన్నయ్య చేతికిచ్చి ఫొటో. కేకు. మొదటి ముక్క ఎవరికన్న తర్జనభర్జనలో అమ్మ కాస్త క్రీము తీసి బానెట్‌కి రాసింది. అప్పటికే పసుపుతో స్వస్తిక్ గుర్తు ఉంది. సేల్స్ పిల్లాడు టెఫ్లాన్ వైపు దీనంగా చూశాడు.

తర్వాత నిమ్మకాయలు. నాలుగు చక్రాల కింద నాలుగు. పంతులుగారు కట్టడి చేశారు, "నాలుగూ ఒక్క ఊపులో నలగాలి నాయనా, ఆగకూడదు." కారు ముందు పన్నెండడుగుల దూరంలో నిలువెత్తు అద్దం గోడ. లోపల లైసెన్సు వచ్చి నాలుగు నెలలైన కుర్రాడు. ఇదే 2025 సెప్టెంబరులో ఢిల్లీలో ఇలాగే నిమ్మకాయ తొక్కించబోయి కొత్త బండితో సహా షోరూము మొదటి అంతస్తు అద్దం బద్దలుకొట్టుకుని కింద పడిన వార్త అందరూ చదివారు. షోరూము మేనేజరు కూడా చదివినట్టున్నాడు, అద్దానికి వీపు ఆనించి చేతులు బార్లా చాపి నిలబడ్డాడు.

"రానీ, రానీ, రానీ," అన్నాడు సైకిలు మా అన్నయ్య.

మొదటిసారి ఇంజను ఆగిపోయింది. రెండోసారి కూడా. మూడోసారి బండి ఒక్క గంతు వేసి ఆగింది. వెనకవి రెండూ నలిగాయి, ముందు కుడివైపుది నలిగింది, ఎడమవైపుది మాత్రం జారి, దొర్లి, పక్కనున్న వేరేవాళ్ల కారు కిందికి పోయింది. నిశ్శబ్దం. మన నిమ్మకాయ పరాయి కారుకి పనిచేస్తే ఆ దిష్టి ఎవరిది? పంతులుగారు ఆలోచనలో పడ్డారు. ఆ వేరేవాళ్లు మాకంటే ముందు తేరుకుని, "మాది మేం తెచ్చుకున్నామండీ, మీది మీరు తీసుకోండి," అన్నారు. సెక్యూరిటీ గార్డు వంగి, చీపురు కర్రతో లాగి, మళ్లీ చక్రం కింద పెడితే ఈసారి మావాడి కాళ్లు వణికి క్లచ్చు మీద నిలవలేదు. ఆఖరికి గార్డే దాన్ని బూటుతో తొక్కేశాడు. అది చెల్లుతుందా, గార్డు ఏ గోత్రం, అన్న చర్చ మధ్యలో పది ఇరవై అయింది.

స్టీరింగుకి ఎర్రదారం, అద్దానికి నల్లపూసలు, వెనక బంపరుకి జడలాంటి నల్లతాడు. పిల్ల చక్కర్లు కొడుతోంది. అందరం నవ్వుతున్నాం. అప్పుడే ఆ కుర్రాడు సంచీ తెచ్చాడు.

అన్నయ్య కవరు చింపి, ఒకటి తీసి, బెల్టు దూర్చే చోట గుచ్చాడు. టక్కుమంది. "భలే ఉందిరోయ్," అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు కూడా రావడం లేదు. బానెట్ కొట్టి చూసినవాడివి, తలుపు చప్పుడు విన్నవాడివి, చుక్కలు లెక్కపెట్టి మూడు లక్షలు ఎక్కువ పోసినవాడివి, ఆ చుక్కలు ఎలా వచ్చాయనుకున్నావు అన్నయ్యా? గుద్దించేటప్పుడు లోపల కూర్చోబెట్టిన బొమ్మలకు బెల్టు కట్టి కూర్చోబెట్టారు. బొమ్మలకు! బెల్టు లేకపోతే ఆ ఐదు చుక్కలు నీవి కావు, ఆ బొమ్మలవి. ఎయిర్‌బ్యాగు కనురెప్ప కొట్టేలోపు విచ్చుకునేది, బెల్టు నిన్ను వెనక్కి పట్టి ఉంచుతుందన్న లెక్క మీద. బెల్టు లేకుండా దాని మీదికి ఎగిరి పడితే అది దిండు కాదు, ఎదురు వచ్చి కొట్టే పిడికిలి. 2019 జులై నుంచి ప్రతి కొత్త కారుకీ ముందు సీట్లకు ఈ కూత పెట్టాల్సిందేనన్నారు. ఊరికే అన్నారా? ఈ క్లిప్పులు అమ్మొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఐదు ఆన్‌లైన్ దుకాణాలకు ఆదేశాలిచ్చి, 13,118 చోట్ల నుంచి తీయించింది. ఇక్కడ షోరూములోనే వినాయకుడితో కలిపి ఉచితంగా ఇస్తున్నారు. వెనక కూర్చుంటే ఏమవుతుందంటారా? 2022 సెప్టెంబరు 4న కారు ప్రమాదంలో పోయిన టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కూర్చున్నది వెనకే. లక్షల కారు, కోట్ల మనిషి. వెనక బెల్టు లేని ఇద్దరూ పోయారు, ముందున్న ఇద్దరూ బతికారు.

చీర నలుగుతుందట. పొట్ట బిగుస్తుందట. "ఇక్కడిక్కడే కదా"నట. చౌరస్తాలో పోలీసు కనపడితే బెల్టు లాగి, గుచ్చకుండా, చేత్తో రొమ్ము మీద పట్టుకుని కూర్చునేవాళ్లను నేనెరుగుదును. ఆ పట్టుకునే ఓపికలో సగం చాలు గుచ్చడానికి. ఇక పిల్లలు. ముందు సీట్లో తాత ఒళ్లో పిల్ల, డాష్‌బోర్డు మీద ఆ పిల్ల కాళ్లు. ఔటర్ రింగు రోడ్డు మీద గంటకు 120లో పోతున్న బండి పై కిటికీలోంచి నిలబడి చేతులూపే ఐదేళ్లవాడు, కింద వాడి కాళ్లు పట్టుకుని వీడియో తీస్తున్న తల్లి. యాభై వేగంలో పోతున్న బండి పదోవంతు సెకనులో ఆగితే పదిహేను కిలోల పిల్ల రెండు వందల కిలోల బరువుతో ముందుకు పోతుంది. ఏ తాత చేతులు ఆపుతాయి దాన్ని? పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అని మోటారు వాహనాల చట్టం 194బిలో ఉంది. వెయ్యి! నిమ్మకాయలు, గుమ్మడికాయ, పంతులుగారి దక్షిణ కలిపితే అంతకన్నా ఎక్కువే అయింది మాకు.

ఇదంతా నేను అక్కడే, అంతే గట్టిగా అన్నాను. క్లిప్పులు రెండూ పీకి నా జేబులో వేసుకున్నాను. "బాబాయ్ చెప్పింది కరెక్టే నాన్నా," అన్నాడు మావాడు, తన బెల్టు పెట్టుకుంటూ. అన్నయ్య నాతో మాట్లాడలేదు. రాహుకాలం దగ్గరపడుతోందని అందరం ఎక్కేశాం. ముందు సీటు దేవుడిది కాబట్టి అక్కడ వెంకటేశ్వరస్వామి పటం, కొబ్బరి చిప్పల సంచీ, మిగిలిన కేకు పెట్టారు. వెనక అమ్మ, వదిన, అన్నయ్య, నేను. ముగ్గురి సీటులో నలుగురం.

బండి గేటు దాటగానే కూత మొదలైంది. కీ, కీ, కీ. సీటు మీద బరువుంది, బెల్టు లేదు. కొబ్బరి చిప్పలని దానికేం తెలుసు. "ఏందిరా ఆ గోల, ఇంటిదాకా ఇదేనా?" అంది అమ్మ. అన్నయ్య నా జేబు వైపు ఒకసారి చూసి, ముందుకు వంగి, బెల్టు లాగి, సంచీ చుట్టూ తిప్పి టక్కున గుచ్చాడు. గుచ్చాక ఒకసారి లాగి చూసుకున్నాడు కూడా, గట్టిగా పడిందా లేదా అని.

కూత ఆగింది. రెండు ముందు సీట్ల సందులో నిలబడ్డ మనవరాలు ఒక చేత్తో డ్రైవరు సీటు, ఇంకో చేత్తో స్వామి పటం పట్టుకుని, "మామా, ఫాస్ట్‌గా పోనీ," అంది.