మహారాజశ్రీ నైట్రోజన్ గారి దివ్యసముఖానికి

టెక్సస్ గ్యారేజీ నుంచి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. పీల్చే గాలిలో 78 శాతం తమరే. లోకమంతా ఉచితంగా తిరిగే తమరు, మేం ఇంట్లో కాచుకునే బీరుకి నురగ తెప్పించడానికి మా గడప తొక్కమంటే మాత్రం సిలిండర్ కొనిపించారు, అద్దె రేటు విడిగా చెప్పించారు.

తమరు రాకముందు ఈ ఇంట్లో కార్బన్ డయాక్సైడ్ ఉండేవాడు. మంచివాడు. 10, 12 పీఎస్ఐ (పీడనం కొలత) పెడితే చాలు, కెగ్ అనే పీపాలో బీరుతో ఇట్టే కలిసిపోయేవాడు. సిలిండర్‌లో ద్రవంగా ఒదిగి ఉంటాడు కాబట్టి చాలాకాలం వచ్చేవాడు. తమరు సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడు. నీళ్లలో కరగమంటే వాడిలో 50వ వంతు కూడా కరగరు. 30, 35 పీఎస్ఐ దాకా బతిమాలాలి. సిలిండర్ పీడనాన్ని తగ్గించే వాడి రెగ్యులేటర్ తమరికి పట్టదు, మరలే వేరు. మామూలు కుళాయి తమరి హోదాకి ఆనదు. అందుకని ఐదు సన్న రంధ్రాల బిళ్ల దాచుకున్న, స్టౌట్ అనే నల్ల బీరు పోసే కుళాయి కొన్నాం. ద్రవంగా మారడం తమరికి చిన్నతనం కాబట్టి అదే సైజు సిలిండర్ ఇట్టే ఖాళీ.

పోనీ ఒంటరిగా వస్తారా అంటే అదీ లేదు. 75 శాతం తమరు, 25 శాతం ఆ పాతవాడు. బీరులో కాస్త జీవం ఉంచేది వాడు, నురగ పేరు తమరిది. వాడిని కాస్త ఎక్కువ కరిగించామా, గ్లాసు నిండా నురగే, తాగడానికేమీ ఉండదు.

ఇంతకీ బీరులోకి వెళ్లి తమరు చేసే ఘనకార్యం ఏమిటయ్యా అంటే, బయటికి రావడం. లోపలికి తోయడానికి ఒక సామాను, ఆ ఐదు రంధ్రాల గుండా బయటికి ఈడ్వడానికి ఇంకో సామాను. ఆ ఈడ్పులో పుట్టే బుల్లి బుడగలే మీగడలాంటి నురగ అవుతాయట. అవి కూడా పైకి పోకుండా గ్లాసు అంచు వెంట కిందికి పోతాయి. అదేమిటో తేల్చడానికి 2012లో ఐర్లండ్‌లోని లిమరిక్ యూనివర్సిటీ వాళ్లు పరిశోధన చేశారు. గ్లాసు ఆకారం వల్ల అంచున బీరు కిందికి జారుతూ బుడగల్ని లాక్కుపోతుందట. తమరి కోసం ప్రొఫెసర్లు కూడా కాపలా కాస్తున్నారు!

తమరిని ఈ పనిలో పెట్టింది ఐర్లండ్ బీరు కంపెనీ గిన్నెస్, 1959లో. లెక్కల్లో దిట్ట అయిన మైకేల్ యాష్ గారు ఆ పద్ధతి తీర్చిదిద్దారు. డబ్లిన్‌లో ఏడాదికి 45 పౌండ్లకు 9,000 ఏళ్ల లీజు రాయించుకున్న బీరు కంపెనీకి తొందరేముంటుంది? అందుకే గ్లాసు 45 డిగ్రీలు వంచి, ముప్పాతిక నింపి, ఆగి, మిగతాది నింపమన్నారు. మొత్తం 119.5 సెకన్లు. ఆ అర సెకను ఎవరికోసం మిగిల్చారో!

నిన్న మా బావమరిది కొట్లో నుంచి గిన్నెస్ బీరు డబ్బా తెచ్చాడు. అడుగున తమరిని దాచుకున్న ప్లాస్టిక్ బుడ్డి ఉంటుంది, 1980ల చివర్లో డబ్బాల్లోకి వచ్చింది. మూత తీశాడు, బుస్సుమంది, అదే నురగ. "దీనికా బావా ఇంత హంగామా?" అన్నాడు. ఇంట్లో బీరు కాచుకోవడం 1978 చట్టంతో అమెరికా కేంద్ర ప్రభుత్వం దృష్టిలో తప్పు కాకుండా పోయింది గానీ, బావమరుదుల మీద మాత్రం ఏ చట్టమూ రాలేదు.

తమరికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో లీకైతే చడీచప్పుడు లేకుండా మనిషిని నిద్రపుచ్చే రకం. అందుకని గొట్టాలకు సబ్బునీళ్లు రాసి చూశాం, గ్యారేజీ తలుపు బార్లా తీసి ఉంచాం. వెళ్లాలనిపిస్తే నిరభ్యంతరంగా వెళ్లండి. రెగ్యులేటర్‌ని మాత్రం వెంట తీసుకుపోకండి, దాని క్రెడిట్ కార్డు బిల్లు ఇంకా కట్టలేదు.

ఇట్లు,
గ్లాసు వంచి నిలబడ్డ తమ విధేయుడు