మా ఉత్తరపు గోడ మీది మిల్లు గారికి

అయ్యా ఫ్లాట్‌ఫర్డ్ మిల్లు గారూ,

నమస్కారం. తమరు మా హాల్లో సోఫా పైన వేలాడటం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. ఫ్రేముతో కలిపి 3,200 రూపాయలు పోసి తెచ్చుకున్నాను. కళాభిమానం అనుకునేరు, అదేం కాదు. "ఉత్తరపు గోడకి పారే నీళ్ల సీనరీ పెట్టండి, చేతిలో డబ్బు ఆడుతుంది" అని మా వాస్తు సిద్ధాంతిగారు సెలవిచ్చారు. షాపులో జలపాతాలు కూడా ఉన్నాయి. కానీ మిల్లంటే నడుస్తున్న వ్యాపారం కదా, రెండిందాలా కలిసొస్తుందని తమర్నే ఎంచుకున్నాను.

తమరొచ్చిన నెలకే గీజరు కాలిపోయింది. ఆ పై నెల బండి ఇంజను. తర్వాత పిల్లాడి ట్యూషన్ ఫీజు. అనుమానమొచ్చి తమరి జాతకం తిరగేశాను.

తమరిది ఇంగ్లండులోని సఫోక్, స్టౌర్ నది ఒడ్డు. 1816-17లో తమర్ని బొమ్మ కట్టినాయన జాన్ కానిస్టబుల్ (పోలీసు కాదు, ఇంటిపేరే అది). ఆయన చూపు కాలినడక వంతెన దగ్గర్నుంచి. ఆ వంతెన మిల్లుకి ఎగువన ఉంది. అంటే నీళ్లు చూసేవాడి కాళ్ల దగ్గర బయల్దేరి మిల్లు వైపు పోతున్నాయన్నమాట. ఎనిమిది నెలలుగా నా సోఫా కింద నుంచి ఎవరి చక్రం తిప్పడానికి పోతోందండీ నా డబ్బు?

ఎవరిదో కూడా తెలిసింది. మిల్లు నడిపింది చిత్రకారుడి తండ్రే, గోల్డింగ్ కానిస్టబుల్. పిండి పడవలెక్కి మిస్ట్లీ రేవుకి, అక్కణ్నుంచి ఆయన సొంత ఓడలో లండన్‌కి పోయేది. వచ్చేటప్పుడు బొగ్గు. పడవని ఖాళీగా తిప్పే మనిషి కాదు. ఈ వ్యాపారమంతా జాన్ చేతికి రావాలి, ఆయనేమో కుంచె పట్టాడు. లెక్కల పుస్తకాలు తమ్ముడు ఏబ్రమ్ మీద పడ్డాయి. 1816 మేలో తండ్రి పోయాడు, ఆ ఏడే కొడుకు ఈ బొమ్మ మొదలుపెట్టాడు. ఎదురుగా బురదలో పుల్లతో గీసినట్టు తన పేరు రాసుకున్నాడు. ఆస్తిలో నా వాటా ఇంతే అన్నట్టుంది, నాకైతే.

ఇంకోటి. తమరి పేరు మీద బొమ్మే గానీ, తమరెక్కడో వెనకాల అగ్గిపెట్టెంత ఉన్నారు. ముందున్నదంతా పని. గుర్రం మీద ఒక కుర్రాడు. వంతెన కింద గుర్రంతో పడవని లాగించలేరు కాబట్టి తాడు విప్పాలి, అక్కణ్నుంచి గెడేసి తోసుకోవాలి. మా చుట్టాలు అదంతా వదిలేసి "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో" అంటారు. మా వీధి చివర పిండిమరలో పది నిమిషాలు నిలబడితే కనుబొమలు తెల్లబడతాయి, పక్కవాడి మాట వినపడదు. దాన్నెవరూ ఫ్రేము కట్టించుకోరు. తమరి మీద మాత్రం ఒక్క పిండి నలుసు లేదు! 1822లో తమరి చుట్టుపక్కల కూలి గిట్టని జనం తిరగబడి, రాత్రిళ్లు మంటలు కనపడుతుంటే తమ్ముడు లండన్‌లో ఉన్న అన్నకి ఉత్తరం రాశాట్ట. అన్నగారి పచ్చికకి ఆ సెగ తగిలినట్టు లేదు.

అసలు దెబ్బ ఇప్పుడు చెప్తాను. 1817లో రాయల్ అకాడమీలో తమర్ని ప్రదర్శనకి పెట్టారు. అమ్ముడుపోలేదు. 1837లో ఆయన పోయేదాకా తమరు ఆయన దగ్గరే ఉన్నారు. గీసినవాడికే ఇరవై ఏళ్లలో ఒక్క పౌండు రాల్చని తమర్ని నేను లక్ష్మీదేవి పక్కన పెట్టి దీపం చూపించాను.

సిద్ధాంతిగారికి ఫోన్ చేసి ఏటి దిక్కు వివరించాను.

"ఎటు పారుతుందో మీకెలా తెలుసండీ? నీళ్లు నిలిచున్నట్టే ఉన్నాయిగా" అన్నారు.

"వంతెన ఎగువనుందండీ."

కాసేపు ఆలోచించి, ఎదురు గోడకి అద్దం పెడితే ప్రవాహం తిరగబడుతుందన్నారు. అద్దం 1,800, మేకులు కొట్టినవాడికి 200.

నిన్న సాయంత్రం బిగించాం. అందులోనూ నది అవతలికే పోతోంది. నడి ఏట్లో, భుజాన తువ్వాలుతో, నేను కనిపిస్తున్నాను.

ఇట్లు,
తమరి ఎగువ వాసి