సర్వరోగ నివారిణి ఆటో సెర్చ్ గారికి

టీవీ, సెట్‌టాప్ బాక్సు మెనూల్లో ఉండి ఛానళ్లను వెతికిపెట్టే మహారాజశ్రీ ఆటో సెర్చ్ గారికి,

బల్కంపేట నుంచి బండ్లగూడ దాకా రిమోట్ పట్టుకుని కూర్చున్న వారందరి తరఫున నమస్కారాలు.

జలుబుకీ, తలనొప్పికీ, పంటినొప్పికీ, కడుపునొప్పికీ ఒకే సీసాలోంచి జిందా తిలిస్మాత్ చుక్కలు వాడే ఊరు మాది. అందుకే మిమ్మల్ని ఇంత తొందరగా నమ్మేశాం. ఒక ఛానల్ పోతే మీరే దిక్కు. వంటల ఛానల్ నంబరు నొక్కితే భక్తి ఛానల్ వచ్చినా మీరే, వానకు బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయినా మీరే. తమరేమో గీతను నూరు శాతం దాకా తాపీగా లాగి, చివర్లో "0 ఛానళ్లు దొరికాయి" అని తీర్పు చెబుతారు.

తప్పు కొంత మాది కూడా. మిమ్మల్ని పిలవకూడని ఇంటికి పిలుస్తాం. కేబుల్ వైరు ఉన్నది సెట్‌టాప్ బాక్సుకు, టీవీకి వచ్చేది హెచ్‌డీఎంఐ తీగ. అలాంటప్పుడు టీవీ మెనూలో మిమ్మల్ని నొక్కితే మీరు వెతికేది ఖాళీ సాకెట్‌లో. సున్నా రాక ఏమొస్తుంది? కొత్త టీవీ కదా అని వైరు నేరుగా దానికే బిగించినా పేర్లు బారులు తీరతాయే గానీ, లాక్ వేసిన ఛానళ్లకు నల్లతెరే గతి.

ఇక బాక్సు లోపల తమరి లీలలు. ఒక్క ఛానలే పోయి, తెర మీద "సబ్‌స్క్రైబ్ చేయలేదు" అన్న ధోరణిలో సందేశం ఉంటే అది ప్యాకేజీ వ్యవహారం. 2019 ఫిబ్రవరిలో టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త టారిఫ్ వచ్చినప్పటి నుంచి పే ఛానల్ (డబ్బు కట్టి చూసేది) విడిగానో బొకేలోనో (ఛానళ్ల గుత్తిలోనో) కొనుక్కోవాల్సిందే. బొకే మారితే మీరెంత వెతికినా అనుమతి పుట్టదు. కేబులాయనకు వీసీ నంబరు (బాక్సు కార్డు సంఖ్య) చెప్పి అనుమతి మళ్లీ పంపమనాలి. ఈలోగా బాక్సు ఆపకుండా అదే ఛానల్ మీద పావుగంట, ఇరవై నిమిషాలు వదిలేయాలి. ఆ ఆజ్ఞ వచ్చేది కేబుల్‌లోనే. బాక్సు నిద్రపోతుంటే అందుకునేదెవరు?

ఒక్కసారే పది, పదిహేను ఛానళ్లు మాయమైతే కథ వేరు. 8 మెగాహెర్ట్‌జ్ వెడల్పున్న ఒక్కో ఫ్రీక్వెన్సీలో మామూలు ఛానళ్లు డజను పైనే కూరి పంపుతారు. తెలుగు వార్తలూ, కన్నడ సినిమాలూ, పిల్లల బొమ్మలూ ఒకే ఆటోలో కూర్చున్న లెక్క. ఆటో ఆగితే అందరూ ఆగుతారు. అప్పుడు బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరిచి స్ట్రెంగ్త్, క్వాలిటీ రెండూ చూడాలి. స్ట్రెంగ్త్ బాగుండి క్వాలిటీ పడిపోతే ముందు జాయింట్లను అనుమానించాలి. నిమజ్జనం ఊరేగింపుకు అడ్డమని కర్రతో పైకెత్తిన వైరూ, సంక్రాంతి మాంజా ఒరుసుకుపోయిన వైరూ, మూత లేని కనెక్టర్‌లో దిగిన వాననీరూ ఈ బాపతే. స్ట్రెంగ్తే తక్కువైతే, ఒకే వైరును రెండు మూడు టీవీలకు పంచే స్ప్లిట్టర్ లెక్క తీయాలి. రెండు దారులదైతే ఒక్కో దారికి మూడున్నర, నాలుగు డెసిబెల్స్ సిగ్నల్ తినేస్తుంది. నాలుగు దారులదైతే ఏడు పైమాటే. అమ్మేసిన రెండో టీవీ కోసం పెట్టిన స్ప్లిట్టర్ ఇంకా అటక మీద ఉంటే ముందు దాన్ని పీకండి. పాత కనెక్టర్ కోసేసి, వైరు కొత్తగా ఒలిచి, నడిమి రాగి తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు వచ్చేలా బిగించాలి. చుట్టూ ఉన్న జాలీలో ఒక్క పోగు ఆ రాగిని తాకినా పని చెడినట్టే.

మీ అసలు నేరం ఇక్కడే. సిగ్నల్ బలహీనంగా ఉన్న గంటలో మిమ్మల్ని నొక్కితే, అందని ఫ్రీక్వెన్సీలను వదిలేసి, మిగిలినవాటితోనే జాబితా భద్రం చేస్తారు. వాన వెలుస్తుంది, జాయింట్ ఆరుతుంది, సిగ్నల్ వస్తుంది. ఛానళ్లు మాత్రం రావు. ఇంటికి తాళం ఉందని ఓటరు జాబితాలోంచి పేరు కొట్టేసినట్టు వాటిని కొట్టేశారు కదా! పైగా ఏవేవి పోయాయో చెప్పే ఆధారం కూడా తుడిచిపెట్టుకుపోతుంది.

పేర్ల తకరారు ఇంకోటి. నంబరు ఒక పట్టికలో, పేరు మరో పట్టికలో వస్తాయి, రాసి పంపేది కేబుల్ హెడ్‌ఎండ్ (ఛానళ్లన్నీ పోగుచేసి పంపే కేంద్రం) వాళ్లు. 2014లో హైదరాబాద్ దూరదర్శన్ సప్తగిరి నుంచి యాదగిరి అయింది. అలాంటప్పుడు అక్కడ పేరు మార్చకపోతే మీరు వందసార్లు వెతికినా పాత పేరే తెస్తారు. తేల్చుకోవడం తేలికే. అదే కేబుల్ ఉన్న పక్కింట్లో అదే నంబరు చూడాలి. అక్కడా తప్పే ఉంటే ఫోన్ చేయాల్సింది కేబులాయనకు. మనింట్లోనే తప్పుంటే బాక్సులో పాత జాబితా ఉంది. పాతదాని మీదే వెతక్కుండా, ముందు "అన్ని ఛానళ్లూ తొలగించు" నొక్కాలి. తర్వాత కేబులాయన చెప్పిన ప్రధాన ఫ్రీక్వెన్సీ, సింబల్ రేటు (సిగ్నల్ వేగం, తరచుగా 6875), క్వామ్ విలువ (సిగ్నల్‌ను పేర్చే పద్ధతి) ఇచ్చి అప్పుడు మిమ్మల్ని పిలవాలి. ఎల్‌సీఎన్ (కేబులాయన ఇచ్చిన ఛానల్ నంబర్లనే వాడమనేది) అన్న గడి ఆన్‌లో ఉండాలి. అది ఆఫ్ అయితే నంబర్లు మీ ఇష్టారాజ్యం. ఒకసారి ఇచ్చిన నంబరును ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని ట్రాయ్ 2017లోనే నిబంధన పెట్టింది. అందుకే రాత్రికి రాత్రి అన్ని నంబర్లూ తారుమారైతే కేబులాయనను తిట్టేముందు ఆ గడి చూసుకోవడం మర్యాద.

విన్నపం ఒక్కటే. ఇకమీదట ఎవరైనా మీ మీద ఓకే నొక్కగానే పరుగు తీయకండి. "పోయింది ఒక్కటా, గుంపా? కనెక్టర్ చూశారా?" అని తెర మీద ఒక్క మాట అడగండి.

ఇట్లు,
0 ఛానళ్లు దొరికినవారు