ఖాళీగా ఉంది కదండీ!

"ఇంత స్థలం ఖాళీగా ఉంది కదండీ, జనమంతా ఒకేచోట పడి చావడమెందుకు?" అనే పెద్దమనుషులు మనకు కొత్తేం కాదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు వారికి ఈ జ్ఞానం కాస్త ఎక్కువ పొంగుతుంది. జనాభా పటంలో తెల్లగా కనిపించిందల్లా వారి కంటికి ప్లాటే. ఇంతటి దూరదృష్టిని ఉత్త మాటలతో పోనివ్వడం మర్యాద కాదు. వారి పేరు మీదే ఒక వెంచర్ వేద్దాం.

చోటు రష్యాలోని యాకూతియా. విస్తీర్ణం దాదాపు 31 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశం కంటే కొంచెం తక్కువ. జనాభా 10 లక్షలు. మూడు చదరపు కిలోమీటర్లకు ఒక మనిషి! ప్రహరీ గోడ తగాదా రమ్మన్నా రాదు. ఈశాన్యం ఎంత పెంచుకున్నా అడిగే నాథుడు లేడు.

ముందు బోరు వేయించాలి కదా. ఆ ముచ్చటా తీరిపోయింది. 1828లో అక్కడి రాజధాని యాకూత్స్క్‌లో షెర్గిన్ అనే రష్యన్-అమెరికన్ కంపెనీ ఉద్యోగి తాగునీటికి బావి తవ్వించడం మొదలుపెట్టాడు. నీళ్లు పడవని తేలాక కూడా, గడ్డకట్టిన ఈ నేల ఎంత లోతుదాకా ఉందో చూద్దామని 1837 వరకు తవ్వించాడు. లోతు సుమారు 116 మీటర్లు. అచ్చంగా నూటపదహార్లు, చదివింపుల్లో లాగా. అక్కడా గడ్డకట్టిన మట్టే.

సరే, శంకుస్థాపన కానిద్దాం. మనకు అలవాటైన పద్ధతిలో పునాది తీసి, గచ్చు చేసి, పొయ్యి రాజేసి పాలు పొంగిస్తే, పాలతోపాటు నేలా కదులుతుంది. ఇంటి వేడికి కింద మట్టిలోని మంచు కరుగుతుంది, ఒక మూల దిగబడుతుంది, గోడ నెర్రె విచ్చుతుంది. సిద్ధాంతిగారు వచ్చి నైరుతి పల్లమైందంటారు. జన్మలో మొదటిసారి నిజం చెప్పినట్టు! అందుకే అక్కడ కాంక్రీటు స్తంభాలను గడ్డనేలలోకి మీటర్ల కొద్దీ దించి, వాటి మీద ఇంటిని నిలబెడతారు. అడుగున వదిలిన సందులో చలిగాలి ఆడుతూ నేలను గడ్డగానే ఉంచాలి. సామాన్లకు పనికొస్తుందని ఆ సందు మూశారో, అయిపోయారే. నీళ్ల గొట్టాలు పాతిపెట్టే వీల్లేదు. బొంతలు చుట్టినట్టు చుట్టి, వీధుల వెంట నేలపైనే నడిపిస్తారు. జనవరి సగటు సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన. బాయిలర్ మొరాయిస్తే గొట్టాలు పగలడానికి ఎంతోసేపు పట్టదు.

ఆ బాయిలర్ ఖర్చు పంచుకోవాలంటే పక్కన ఇంకో ఇల్లుండాలి. దాని పక్కన మరొకటి. అంత ఖాళీలోనూ మూడోవంతు జనం లేనా నది ఒడ్డున ఒక్క యాకూత్స్క్‌లోనే అతుక్కుపోయారు. పాపం, పటం చూడలేదు.

ఈజిప్టువాళ్లూ చూడలేదు. 10 కోట్లు దాటిన జనంలో నూటికి 95 మంది నైలు పక్కనే, దేశంలో 5 శాతం నేల మీద. మన గోదావరి డెల్టా 1833 నాటి కరువుకు అల్లాడిన నేలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. నేల మారలేదు, కాలువలకు నీళ్లొచ్చాయి, వాటి వెంట మనుషులొచ్చారు.

ఇండోనేషియాలోని జావా దీవి తెలంగాణ కంటే కాస్త పెద్దది, జనం 15 కోట్లు. అగ్నిపర్వతాల బూడిద కలిసిన నేల, వానలు, ఏటా రెండు మూడు పంటల వరి. పోగవరా మరి? అదే దేశంలో, బోర్నియో దీవి మీదున్న కాలిమంతాన్ మాత్రం "ఖాళీ". ఈ ఖాళీ పిచ్చి ఉన్నవాడికి సంతకం చేసే అధికారం కూడా ఉంటే ఏమవుతుందో 1995లో తేలింది. అక్కడి 10 లక్షల హెక్టార్ల చిత్తడి అడవిని వరిపొలం చెయ్యమని అప్పటి అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వు. ఖాళీ అని ఎవడు చెప్పాడు? చేపలు పట్టుకుంటూ, పేము కోసుకుంటూ స్థానిక గిరిజనులైన దయాక్‌లు అక్కడే ఉన్నారు. పచ్చగా ఉంటే పండుతుందని ఎవడు చెప్పాడు? అది మట్టి కాదు. ఆకులూ కొమ్మలూ వేల ఏళ్లు నీటిలో సగం కుళ్లి, మీటర్ల మందాన పేరుకున్న పీట్. 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వితే దాన్ని కాపాడుతున్న నీరు కాస్తా కారిపోయింది. ఎండిన పీట్ కుంగుతుంది. దాని అడుగు బంకమట్టికి గాలి తగిలితే చాలాచోట్ల గంధకామ్లం ఊరుతుంది. నిప్పంటుకుంటే లోలోపలే వారాల తరబడి రగులుతుంది. 1997లో వానలు మొహం చాటేశాయి, తగలబడింది. జావా నుంచి తెచ్చి దించిన వేలాది కుటుంబాలు ఆ పొగ మింగాయి. మనుషులనుకున్నారా, పీకి ఇంకో మడిలో గుచ్చడానికి నారుకట్టలనుకున్నారా? 1999లో పథకం మూసేశారు. ఉత్తర్వు రాసినవాళ్లెవరూ ఆ ఖాళీకి కాపురం మార్చలేదు.

2020లో అదే ప్రాంతంలో "ఫుడ్ ఎస్టేట్" పేరుతో మళ్లీ భారీ సాగు పథకం మొదలుపెట్టారు. జనాభా పటంలో ఇంకా తెల్లగానే ఉంది మరి.