ఖాళీగా ఉంచిన భూమి దండగేనా?

“పొలాలు, అడవులు కాపాడాలంటూ చేసే ఉద్యమాలు యజమాని హక్కును కాజేస్తాయి, పన్నుల రాబడికి గండి కొడతాయి, ఇళ్ల ధరలు పెంచుతాయి.” అమెరికాలో భూపరిరక్షణ గురించి తరచూ వినిపించే మాట ఇది. మొదటి రెండూ నిలవవు. మూడోదానిలో కొంత నిజముంది.

హక్కు సంగతి. అక్కడ ఎక్కువగా వాడే సాధనం కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అనే ఒప్పందం. ప్లాట్లు వేసే హక్కును రైతు తన ఇష్టంతో వదులుకుంటాడు. బదులుగా సొమ్మో, పన్ను రాయితీయో పొందుతాడు. భూమి మాత్రం అతనిదే. దున్నుకోవచ్చు, అమ్మవచ్చు, పిల్లలకు రాసివ్వచ్చు. ఇష్టంతో పని లేకుండా నిబంధన పెట్టిన చోట్లూ లేకపోలేదు. మేరీలాండ్‌లోని మాంట్‌గొమరీ కౌంటీ 1980లో సుమారు 93,000 ఎకరాల్లో 25 ఎకరాలకు ఒక్క ఇల్లే కట్టాలంది. అయితే 5 ఎకరాలకు ఒకటి చొప్పున నిర్మాణ హక్కులిచ్చి, వేరే చోట కట్టుకునే బిల్డర్లకు వాటిని అమ్ముకోనిచ్చింది. దీన్ని కాజేయడం అనగలమా?

ఇక రాబడి. ఇళ్లు వస్తే పన్ను వస్తుంది, వాటి వెంటే బడి, రోడ్డు, మురుగు కాలువ ఖర్చూ వస్తుంది. సాగుభూముల పరిరక్షణకు పనిచేసే అమెరికన్ ఫార్మ్‌లాండ్ ట్రస్ట్ అనే సంస్థ పలు చోట్ల వేసిన లెక్కల్లో ఇళ్ల నుంచి వచ్చే ప్రతి డాలరు పన్నుకు వాటి మీద సాధారణంగా డాలరుకు మించే ఖర్చయింది. పొలాలకు అంతకంటే చాలా తక్కువ. మొక్కజొన్న చేనుకు బడి బస్సు అక్కర్లేదు కదా!

ధరల విషయంలో మాత్రం పరిరక్షణవాదులు తడబడతారు, తడబడాల్సిందే. కొలరాడోలోని బౌల్డర్ ఓటర్లు ఊరి చుట్టూ భూములు కొని ఖాళీగా ఉంచడానికి 1967లో తమ మీద తామే అమ్మకపు పన్ను వేసుకున్నారు. అంతవరకు మెచ్చుకోవలసిందే. 1971లో భవనాలు 55 అడుగులు దాటకూడదని కూడా ఓటేశారు. పక్కకూ పెరగక, పైకీ పెరగక ఊరు ఎటు పోతుంది? ఇళ్లు సామాన్యుడికి అందకుండా పోయాయి. ఆ నేరాన్ని ఒక్క పచ్చిక బయళ్ల మీదే తోసేయడం సరికాదు.

ఓరెగాన్ రాష్ట్రం మాత్రం 1973లో చట్టం చేసి ప్రతి నగరమూ ఎంతవరకు విస్తరించవచ్చో హద్దు గీయించింది. ఆ హద్దు లోపల 20 ఏళ్లకు సరిపడా ఇళ్ల స్థలం చూపాలని కూడా షరతు పెట్టింది. అదీ చాలక 2019లో, 10,000 జనాభా దాటిన నగరాల్లో ఒక ఇల్లు కట్టే స్థలంలో జంట ఇళ్లకూ అనుమతి తప్పనిసరి చేసింది. బౌల్డర్‌లో ఆ 55 అడుగుల గీత ఇంకా చెరగలేదు.