చెరువు గట్టు మీద నేర్చుకున్నది ఏ కాలమ్‌లో రాయాలి?

అప్రైజల్ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ‘ఈ సంవత్సరం హాజరైన ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాములు’ అని ఒక కాలమ్ ఉంది. ఎఫ్‌డీపీలంటాం, అంటే టీచర్ల శిక్షణ. నాలుగు పేజీల తర్వాత ‘ఎక్స్‌టెన్షన్ కార్యక్రమాలు’, అంటే కాలేజీ బయట జనం కోసం చేసే పనులు, అని ఇంకో కాలమ్. మొదటిదానికి సర్టిఫికెట్ జత చేయాలి, రెండోదానికి జియోట్యాగ్ ఫొటో. ఈ ఏడాది టీచరుగా నేను నిజంగా నేర్చుకున్న విషయం ఒకటుంది. దానికి సర్టిఫికెట్ లేదు, బ్యానర్ పట్టుకుని దిగిన ఫొటో కూడా లేదు. ఎక్కడ రాయాలో రెండు రోజులుగా తోచక చివరికి ఇక్కడ రాస్తున్నాను. పెద్ద పోస్టే. కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు మాత్రం ఓపిక చేసుకుని పూర్తిగా చదవండి.

నాది హిందూపురం. పదిహేడేళ్ళుగా బెంగళూరులో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సివిల్ ఇంజినీరింగ్ చెబుతున్నాను. నా సబ్జెక్టు మురుగునీటి శుద్ధి. నీళ్ళు ఎంత మురికో చెప్పే బీవోడీ, సీవోడీ కొలతల గురించి, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగలననే అనుకునేదాన్ని.

కాలేజీలను ఊళ్ళతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ 2014లో మొదలైంది. అందులో చేరిన ప్రతి విద్యాసంస్థ కనీసం అయిదు ఊళ్ళను దత్తత తీసుకోవాలి. మాకు వచ్చిన ఊళ్ళలో ఒకటి కోలారు దాటాక ముళబాగిలు వైపు ఉంది. అక్కడ బడిలో కన్నడ, ఇళ్ళలో తెలుగు. ‘మేడమ్, మీకు భాష వచ్చు కదా’ అని ఆ ఊరి బాధ్యత నాకు అప్పగించారు. ఆ ఊరి చెరువులోకి వచ్చేది మన నీళ్ళే. మన అంటే బెంగళూరువి. మనం స్నానాలు చేసి, గిన్నెలు కడిగి, ఫ్లష్ చేసి వదిలిన నీళ్ళను శుద్ధి చేసి కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకం కింద 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. ఏళ్ళ తరబడి ఎండిపోయిన చెరువులు ఆ నీళ్ళతో నిండాయి, అడుగంటిన బోర్లలో నీళ్ళు పైకొచ్చాయి. మొదట్లోనే ఒక చెరువులో నురుగు తేలడంతో గొడవ కోర్టు దాకా కూడా వెళ్ళింది. నా సబ్జెక్టు అక్కడ ఊరి నడిమధ్యలో నిలిచి ఉంది. నేను మాత్రం అప్పటిదాకా ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు.

మొదటిసారి అందరూ వెళ్ళినట్టే వెళ్ళాం. ఒక బస్సు, నలభై మంది పిల్లలు, బ్యానర్, పంచాయతీ ఆఫీసు ముందు మొక్కలు, ఫొటోలు. పదకొండు గంటలకు చెరువు దగ్గర శాంపిల్ తీసి కరిగిన ఆక్సిజన్ చూశాం. లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాములు దాటింది. నాకు సంతోషం వేసింది. చేపలు బతకడానికి నాలుగైదు ఉంటే చాలు కదా. గట్టు మీద నిలబడ్డవాళ్ళకు తెలుగులో చెప్పాను, ‘మీ చెరువు బాగుందండీ, భయపడాల్సిందేమీ లేదు’ అని.

చెరువులో చేపలు పట్టే హక్కును వేలంలో పాడుకున్న పెద్దాయన అంతసేపూ ఏమీ మాట్లాడలేదు. బస్సు ఎక్కబోతుంటే దగ్గరికొచ్చి అన్నాడు: ‘అమ్మా, ఎండెక్కినాక వచ్చి చూస్తే ఏం తెలుస్తాది? తెల్లారకముందే రాండి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకోని ఉంటాయి. మబ్బు పట్టిన మర్నాడైతే చచ్చి తేలతాయి.’

తిరిగొచ్చే దారంతా ఆ మాటే చెవుల్లో ఉంది. ఆయన చెప్పింది నా పుస్తకంలోనే ఉంది. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ నాచుతో సహా నీళ్ళలో ఉన్న ప్రాణులన్నీ దాన్ని పీల్చేస్తాయి. తెల్లవారుజాముకు అలాంటి చెరువులో ఆక్సిజన్ దాదాపు ఏమీ మిగలదు. అసలు ఆ ఎత్తులో, ఆ వేడిలో నీళ్ళు మామూలుగా పట్టుకోగలిగేదే ఏడున్నర, ఎనిమిది. తొమ్మిది దాటిందంటే నాచు విపరీతంగా ఉందని అర్థం. ఏ అంకె చూసి నేను భయం లేదని చెప్పానో, ఆ అంకే ప్రమాదానికి గుర్తు. పదిహేడేళ్ళు ఈ పాఠం చెప్పినదాన్ని, గట్టు మీద నిలబడి తప్పు చెప్పాను. ఆయన నన్ను నలుగురిలో తప్పు పట్టలేదు. పక్కకు వచ్చి చెప్పాడు. ఆ మర్యాద నేను మరచిపోలేను.

రెండోసారి సెలవు పెట్టి వెళ్ళాను. డ్యూటీగా లెక్కించమని ఓడీ అడిగితే ప్రోగ్రామ్‌కు అప్రూవల్ లేదన్నారు, క్యాజువల్ లీవ్ రాశాను. ఇద్దరు ఫైనలియర్ పిల్లలు నాతో వచ్చారు. అయిదున్నరకు ఇంకా చీకటిగానే ఉంది, చలి. చెరువు మీద చప్పుడు ఉంది. వాన చినుకులు పడుతున్నట్టు చిటపట చిటపట. టార్చి వేస్తే వందల నోళ్ళు కనిపించాయి. బొచ్చె చేపలు, జిలేబీ చేపలు నీటి పైపొరకు మూతులు ఆనించి గాలి కోసం తెరుస్తున్నాయి, మూస్తున్నాయి.

సీసాను బుడగ లేకుండా నీళ్ళలోపలే ముంచి నింపాం. ముందు మాంగనీస్ సల్ఫేట్, తర్వాత ఆల్కలీ అయొడైడ్, పిపెట్ కొన నీళ్ళలో మునిగేలా పెట్టి వదిలాం. మూత పెట్టి తలకిందులుగా ఊపాం. ఆక్సిజన్ ఉంటే బెల్లం రంగు తరకలు కట్టాలి. మా ల్యాబ్‌లో ఎప్పుడూ అవే చూశాను. ఆ రోజు సీసాలో విరిగిన పాలలా తెల్లటి తరకలు దిగాయి. ఆక్సిజన్ లేకపోతే తెల్లగా ఉంటుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, కళ్ళతో చూడటం అదే మొదలు. పెద్దాయన సీసా తీసుకుని టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ‘ఊపిరి లేని నీళ్ళు ఇట్లుంటాయా’ అన్నాడు. నా పక్కనున్న అమ్మాయి ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది. తర్వాత ల్యాబ్‌లో టైట్రేట్ చేస్తే ఒకటి కూడా రాలేదు.

దీనికేం చేయాలో మేం ముగ్గురం కూర్చుని చదివాం, మత్స్యశాఖలో పనిచేసిన ఒకరిని అడిగాం. మబ్బు పట్టిన రోజు మేత ఆపేయమని, చేప పిల్లలను పలచగా వదలమని, తెల్లవారుజామున డీజిల్ పంపుతో చెరువు నీళ్ళే పైకి చిమ్మి మళ్ళీ చెరువులో పడేలా చేయమని చెప్పాం. ఆయన మూడు గంటలకు లేచి ఒక మూల పంపు వేశాడు. చేపలన్నీ ఆ మూలకు చేరాయట. ఫోన్ చేసి చెప్తుంటే గొంతులో సంతోషం వినిపించింది.

ఆ సెమిస్టర్ నుంచి నా పాఠం మారింది. ఇంటర్నల్స్‌లో ‘కరిగిన ఆక్సిజన్‌ను నిర్వచించండి’ అని అడగడం మానేశాను. ‘ఒకే చెరువులో ఉదయం 11కు 9, తెల్లవారుజామున 0.8. ఏం జరుగుతోంది? చేపల ఆయనకు ఏం చెప్తావు?’ అని అడుగుతున్నాను. పిల్లలు కొట్టుకుని మరీ వాదిస్తున్నారు. వెనక బెంచీలో ఎప్పుడూ ఫోన్ చూసుకునే అబ్బాయి లేచి, వాళ్ళ తాతగారి ఊరి చెరువు గురించి చెప్పాడు. టీచరుగా ఎదగడం అంటే నాకు తెలిసినంతలో ఇదే.

ఇది ఏ కాలమ్‌లో రాయాలి?

ఎఫ్‌డీపీలు దండగ అని నేను అనను. చెన్నై తరమణిలోని ఎన్‌ఐటీటీటీఆర్‌కు ఒకసారి వెళ్ళాను. 1964 నుంచి సాంకేతిక విద్య టీచర్లకు శిక్షణ ఇస్తున్న సంస్థ అది. నేను పాఠం చెప్తుంటే వీడియో తీసి నాకే చూపించారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడే అలవాటు ఆ రోజు పోయింది. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ ఎఫ్‌డీపీలు లేకపోతే చంటిపిల్లలున్న నా కొలీగ్స్‌కు ఏ అవకాశమూ ఉండేది కాదు. కానీ ఇప్పుడు ఏం జరుగుతోందో మనందరికీ తెలుసు. అయిదు రోజులు, రోజుకు రెండు సెషన్లు. ఒక పక్క లింక్ తెరిచి, వీడియో ఆపేసి, ఇంకో పక్క ఇంటర్నల్స్ పేపర్లు దిద్దుతాం. గూగుల్ ఫారంలో అటెండెన్స్, ఆఖరి రోజు క్విజ్, సాయంత్రానికి పీడీఎఫ్. ఇందులో టీచర్లది తప్పంటే నేను ఒప్పుకోను. సర్టిఫికెట్ల సంఖ్యే అడిగితే సంఖ్యే తెచ్చిస్తారు.

ఊళ్ళకు వెళ్ళడం కూడా అలాగే తయారైంది. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) 1969లో, గాంధీ శతజయంతి ఏడాదిలో మొదలైంది. చదువుకున్న పిల్లలు ఊళ్ళో ఉండి, ఆ ఊరి పని చేయాలని పెట్టిన పథకం. ఇవాళ ఊరికి పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చేస్తున్నాం. కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ళ ఏడు క్రైటీరియన్ల అంచనాలో పరిశోధనా, ఎక్స్‌టెన్షనూ మూడో క్రైటీరియన్‌లో, ఫ్యాకల్టీ సాధికారత ఆరో క్రైటీరియన్‌లో ఉంటూ వచ్చాయి. ఫైళ్ళు వేరు, కమిటీలు వేరు, ఇన్‌ఛార్జులు వేరు. నా చెరువులో మాత్రం ఆ రెండూ ఒకటే పని. ఊరికి ఉపయోగపడబోయి నేను నేర్చుకున్నాను, నేర్చుకున్నాను కాబట్టే ఊరికి ఉపయోగపడ్డాను.

టీచర్ల శిక్షణ కోసం 1987లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టారు. 2015లో వాటిని మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలన్నారు. 2023 నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలంటున్నారు. పేరు రెండుసార్లు మారింది. అక్కడ వారం, పది రోజులు మాకు శిక్షణ ఇచ్చేది ఇంకో ప్రొఫెసరే. ఒక్క రోజైనా ఒక రైతు, ఒక వాటర్‌మ్యాన్, ఒక ఆశా కార్యకర్త వచ్చి ‘మీ సబ్జెక్టు మా ఊళ్ళో ఇలా ఉంది’ అని చెప్పే సెషన్ పెట్టండి. ఆ ఒక్క సెషన్ కోసం నేను సొంత డబ్బుతో వస్తాను.

లెక్క కట్టడం కుదరదంటారేమో. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో పన్నెండు వారాల కోర్సు చదివి పరీక్ష పాసైతే, సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ దాన్ని ఒకటిన్నర ఎఫ్‌డీపీగా లెక్క కడుతోంది. కూర్చుని చదివిన వారాలను అంత కచ్చితంగా లెక్కపెట్టగలిగినవాళ్ళు, ఏడాది పొడవునా నెలకోసారి ఒకే ఊరికి వెళ్ళి, ఒకే సమస్య మీద పనిచేసి, దాన్ని పాఠంలోకి తెచ్చిన టీచరుకు లెక్క కట్టలేరా? పిల్లలకు మాత్రం మార్కులున్నాయి. వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) కాలేజీల్లో ‘సోషల్ కనెక్ట్ అండ్ రెస్పాన్సిబిలిటీ’ అని ఒక సబ్జెక్టే ఉంది. యూజీసీ కూడా సమాజంతో కలిసి పనిచేయడాన్ని రెండు క్రెడిట్ల కోర్సుగా పెట్టమంది. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళే టీచరుకు శిక్షణ ఎవరిచ్చారు? టైమ్ ఎవరిచ్చారు? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి పదహారు గంటల బోధన. మా జూనియర్లకు ఇరవై దాకా పడుతున్నాయి. దానిమీద అడ్మిషన్ల డ్యూటీ, పేపర్లు పబ్లిష్ చేయాలన్న టెన్షన్. అలాంటివాళ్ళను తెల్లవారుజామున చెరువు దగ్గరికి రమ్మని అడగడానికి నాకు నోరు రాదు. ముందు వారానికి రెండు గంటలు తగ్గించండి. కారు డీజిల్‌కూ, రీఏజెంట్లకూ డబ్బులివ్వండి. మొక్కలు నాటే రోజు ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చు చాలు.

ఇంకో మాట, ముఖ్యంగా చిన్న కాలేజీల్లో ఉన్నవాళ్ళకు. బెంగళూరులో ఉండి కూడా మనం తలుపు తట్టని చోట్లు చాలా ఉన్నాయి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ విద్యార్థులకే అనుకుంటారు, టీచర్లకూ ఉంది. రెండు నెలలు మంచి ల్యాబ్‌లో పనిచేయవచ్చు. జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియంలో సైన్స్ పాఠం ఎంత ఇష్టంగా చెప్పవచ్చో చూడటానికైనా ఒకసారి వెళ్ళండి. కాలేజీ సర్క్యులర్ పంపేదాకా ఆగకండి.

ఆ ఊళ్ళో పని అయిపోలేదు. మా రీడింగులన్నీ తెలుగులో, కన్నడంలో చార్ట్ మీద రాసి పంచాయతీ గోడకు అంటించాం. చూసినవాళ్ళలో ఒకావిడ అడిగింది: ‘చెరువు నిండినంక మా బోరులో నీళ్ళొచ్చినాయి. ఆ నీళ్ళతోనే టమాటా పెడుతున్నాం. ఆ కాయ మా పిల్లలు తినొచ్చునా?’ ఈసారి గట్టు మీద నిలబడి జవాబు చెప్పలేదు. తెలుసుకుని వచ్చి చెప్తానన్నాను. లోహాలున్నాయో లేవో చూడాలంటే నా ల్యాబ్ సరిపోదు. అటామిక్ అబ్జార్ప్షన్ మిషన్ ఉన్న కెమిస్ట్రీ వాళ్ళు కావాలి, మట్టి గురించి తెలిసినవాళ్ళు కావాలి.

వచ్చే రెండో శనివారం మూడు గంటలకు, అంటే శుక్రవారం అర్ధరాత్రి దాటాక, కే.ఆర్.పురం నుంచి బయలుదేరుతున్నాం. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది. స్వెట్టర్ తెచ్చుకోండి, గట్టు మీద చలి ఎక్కువ.